మట్టిలో మందు వెదకిన యల్లాప్రగడ సుబ్బారావు

ఆదోని సీమలో తొలకరి చినుకు పడిన సాయంకాలమున నల్లరేగడి చేల మీదుగా వచ్చు గాలిలో ఒక కమ్మని వాసన ఉండును. ఎమ్మిగనూరు బాటన పోవు బండివాడును, పత్తి విత్తుటకు ఎదురుచూచు రైతును, బడి నుండి ఇంటికి మరలు బాలుడును ఆ వాసనను గుర్తుపట్టుదురు. అది మట్టివాసన అని అందరును అందురు. నిజమునకు అది మట్టిలో కాపురముండు సూక్ష్మజీవుల చలువ. సన్నని దారముల వలె అల్లుకొని పెరుగు స్ట్రెప్టోమైసిస్ అను జాతి జీవులు ఆ పరిమళమునకు మూలమగు పదార్థమును పుట్టించును. ఆ జీవులే తమ ఇరుగుపొరుగు సూక్ష్మజీవులను అణచుటకు మరికొన్ని పదార్థములను కూడ తయారుచేసికొనును. మనుష్యుని ప్రాణములు కాపాడు యాంటీబయాటిక్ మందులలో పెక్కు అట్టి పదార్థములే.

ఆ మందులలో మిక్కిలి పేరెన్నికగన్న దానిని పిడికెడు మట్టి నుండి తీయించి లోకమునకిచ్చిన పరిశోధనాలయమునకు అధిపతి ఒక తెలుగువాడు. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు వినని ఉపాధ్యాయుడు తెలుగునాట అరుదు. ఆయన చేసిన పని ఏదియో సాకల్యముగ చెప్పగల విద్యార్థి అంతకన్న అరుదు. యాంటీబయాటిక్ మందులు తమ బలమును కోల్పోవుచున్న ఈ కాలమున, పరిశోధకులు మట్టిని దాటి పురుగుల నెత్తురులో క్రొత్త మందులను వెదకుచున్న ఈ కాలమున, ఆ జీవితమును మరల ఒకమారు తెలిసికొనుట అవసరము.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. నాడు గోదావరి సీమయు, తుంగభద్ర దాపునగల ఆదోని సీమయు ఒకే మద్రాసు రాజధానిలోనివి. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండెను. తండ్రి జగన్నాథము రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానములో సుబ్బారావు నాల్గవవాడు. తండ్రి అనారోగ్యము వలన ఇంటికి రాబడి తగ్గెను; సంసారభారము తల్లి మీద పడెను. బాలునకు తొలుత చదువు మీద మక్కువ లేదు. ఒకమారు కాశికి పోవలెనని ఇల్లు విడిచెను. తల్లి వెనుకకు రప్పించెను. రాజమహేంద్రవరమున చదివినను మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమారులు తప్పెను. తుదకు మద్రాసులోని హిందూ హైస్కూలులో చేరి మూడవమారు కృతార్థుడయ్యెను. పరీక్ష తప్పిన బాలుని పనికిరానివానిగా ఎంచువారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనదగును.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువునాడు ఆయన మనస్సు రామకృష్ణ మఠము వైపు మరలెను. సన్న్యసింపవలెనను కోరిక పుట్టెను. తల్లి అంగీకరింపలేదు. ప్రజలకు సేవచేయ దలచినవానికి వైద్యమును మించిన మార్గము లేదని తోచి, మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. ఆ చదువునకు మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తి అను ఉదారుడును ధనసహాయము చేసిరి. ఆ సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరినే సుబ్బారావు వివాహమాడెను.

దేశమంతట గాంధీజీ పిలుపు మారుమ్రోగుచున్న కాలమది. విదేశ వస్త్రములను విసర్జింపుడను ఆ పిలుపు విని సుబ్బారావు శస్త్రచికిత్స చేయు గదిలో కూడ ఖద్దరు అంగీ ధరించెను. పత్తి పండు ఆదోనిలోను, మగ్గములాడు ఎమ్మిగనూరులోను పెరిగిన విద్యార్థులకు నూలుపోగు విలువను వేరుగ చెప్పనక్కరలేదు. కాని శస్త్రచికిత్సాచార్యుడు బ్రాడ్‌ఫీల్డునకు ఆ ఖద్దరు కంటగింపయ్యెను. వ్రాత పరీక్షలలో చక్కగ నెగ్గినను సుబ్బారావునకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు, దానికన్న తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ఆ పట్టముతో ప్రభుత్వ వైద్యశాఖలో ప్రవేశము దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి నడపుచుండిన ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించు పనిలో ఆయన చేరెను.

ఆ యేండ్లలోనే ఆ ఇంటిని మృత్యువు తాకెను. ఉష్ణదేశములలో కనబడు స్ప్రూ అను గ్రహణివ్యాధి వలన ఆయన సోదరులిరువురు స్వల్ప వ్యవధిలో మరణించిరి. ఆ వ్యాధిలో తిన్న తిండి ఒంటికి పట్టదు, నెత్తురు పలుచబడును, మనుష్యుడు చూచుచుండగానే శుష్కించును. దానికి మందేదియో ఆనాటి వైద్యులకు తెలియదు. అదే వ్యాధి సుబ్బారావునకును సోకెను. లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్స వలన ఆయన బ్రతికి బయటపడెను. తన ఇంట రెండు ప్రాణములను బలిగొన్న వ్యాధికి కారణము తెలిసికొనవలెనను పట్టుదల అప్పుడు ఆయనలో నాటుకొనెను. తెలిసికొనుటకు తగిన వసతులు ఇచట లేవు. మామగారి సహాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయముతోను ఆయన అమెరికాకు బయలుదేరెను.

1922 అక్టోబరు నెలలో సుబ్బారావు బోస్టన్ నగరమున అడుగుపెట్టెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల చదువు పూర్తిచేసెను. పరాయి దేశపు చిన్న పట్టముతో వైద్యవృత్తి చేయ వీలులేదు. పొట్టకూటికై ఒక ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసెను. పగలు పరిశోధనాలయమున నిలిచెను. భార్య శేషగిరి మాతృదేశముననే ఉండిపోయెను. ఆ దంపతులకు పుట్టిన మగశిశువు ఏడాది నిండకుండగనే గతించెను. మూడేండ్లలో తిరిగివత్తునని తలచిపోయిన మనుష్యుడు మరల ఎన్నడును రాలేదు. ఆ భార్యాభర్తలు మరల ఒకరినొకరు చూడలేదు. ఆయన కీర్తిని చెప్పుకొనునప్పుడు ఆ ఇల్లాలు చెల్లించిన వెలను కూడ తలచుకొనుట న్యాయము.

హార్వర్డులో ఆయన సైరస్ ఫిస్కే అను ఆచార్యుని కడ జీవరసాయన శాస్త్రమున కృషిచేసెను. నెత్తురులోను, మూత్రములోను భాస్వరము ఎంతగలదో రంగు చిక్కదనమును బట్టి కొలుచు పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అను పేరున అది ప్రపంచమునందలి జీవరసాయన శాలలన్నిట వ్యాపించెను. ఆ కొలబద్ద చేతికి వచ్చిన పిమ్మట వారు కండరములను పరీక్షించిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థమును వారు గుర్తించిరి. రెండవదానిని జర్మనీలో కార్ల్ లోమన్ కూడ అదే యేట వేరుగ కనుగొనెను. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి ఏ.టి.పి. అని చదువుకొనునది అదియే. జీవకణము తన పనులకు ఖర్చుపెట్టు శక్తికి అది చిల్లర నాణెము వంటిది. చేయి ఎత్తినను, కనురెప్ప వాల్చినను అది ఖర్చగును. తిన్న అన్నము నుండి మరల కూడును.

ఇంత చేసినను ఆయనకు హార్వర్డులో స్థిరమైన పదవి లభింపలేదు. 1930లో డాక్టరు పట్టము వచ్చెను. కాని మరి పదేండ్లు గడచినను మెట్టు పైకి ఎక్కుట లేదు. తన పేరు ముందుకు రావలెనని ఆయన ఎన్నడును ఒత్తిడి చేయలేదు. అది ఆయన స్వభావము. 1940లో ఆయన విశ్వవిద్యాలయమును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊర గల లెడర్లీ మందుల సంస్థలో చేరెను. త్వరలోనే అచటి పరిశోధనలకు అధిపతి అయ్యెను. అచట ఆయన గడపినది ఎనిమిదేండ్లు మాత్రమే. ఆ ఎనిమిదేండ్లలో ఆ శాల నుండి వెలువడిన మందులను లెక్కించినచో ఒక జీవితము చాలునా అనిపించును.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. గర్భవతులగు పేద స్త్రీలకు కలుగు ఒక విధమైన రక్తహీనతను ఈస్టు సారముతో నయము చేయవచ్చునని లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు అంతకుముందే బొంబాయిలో చూపియుండెను. ఆ సారములోని గుణకారి ఏదియో తెలియదు. సుబ్బారావు నాయకత్వమున పరిశోధకులు పశువుల కాలేయము నుండి దానిని వేరుచేయుటకు ఏండ్ల తరబడి పాటుపడిరి. మణుగుల కొలది కాలేయము నుండి దొరకునది అణుమాత్రము. అయినను దాని నిర్మాణమును కనిపెట్టి, 1945 నాటికి దానిని సీసాలో రసాయనముల నుండి తయారుచేసిరి. స్ప్రూ వ్యాధికి లోనైన వారి పలుచబడిన నెత్తురు దాని వలన బాగుపడెను. సోదరుల మరణము నాడు వేసికొన్న ప్రశ్నకు ఇరువది యేండ్లకు పైబడిన తరువాత ఆయనకు జవాబు దొరకెను.

ఆయన అంతటితో ఆగలేదు. ఒక పదార్థము యొక్క నిర్మాణము తెలిసినచో దానిని కొంచెము మార్చి చూడవచ్చును. తాళమునకు సరిపోవు చెవిని పోలియుండి, తాళము తెరవక లోన ఇరుకుకొనిపోవు మారు చెవులను చేసినట్లు, ఫోలిక్ ఆమ్లమును పోలిన క్రొత్త పదార్థములను ఆయన బృందము తయారుచేసెను. బోస్టనులో పిల్లల వైద్యశాలయందు పనిచేయుచుండిన సిడ్నీ ఫార్బర్, రక్తపు క్యాన్సరుతో మరణోన్ముఖులైన బాలలకు వానిలో ఒకటియగు అమినాప్టెరిన్‌ను ఇచ్చి చూచెను. 1948 జూన్‌లో ఆయన ఫలితములను ప్రకటించెను. 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికముగ వెనుకంజ వేసెను. క్యాన్సరును మందుతో ఎదిరింపవచ్చునను ఆశకు అది ఒక ఆరంభము. ఆ కుటుంబములోనిదే మెథోట్రెక్సేట్. నేటికిని క్యాన్సరునకును, కీళ్లవాతమునకును వైద్యులు దానిని వాడుచున్నారు.

మరియొకటి ఫైలేరియా మందు. దోమకాటు వలన వ్యాపించి కాళ్లను ఏనుగు కాళ్ల వలె ఉబ్బజేయు ఆ వ్యాధిని కోస్తా ప్రాంతమున పెరిగినవారు ఎరుగనిది కాదు. 1947లో లెడర్లీ శాల నుండి హెట్రజాన్ అను పేరున వెలువడిన డై ఇథైల్ కార్బమజీన్ నేటికిని ప్రపంచారోగ్య సంస్థ వాడుకలో ఉన్నది. ఊరూర ఫైలేరియా మాత్రలు పంచునప్పుడు బడిపిల్లలు మింగు మాత్రలలో అది ఉండును. ఆ మాత్ర వెనుక భీమవరపు మనుష్యుడు ఉన్నాడని చెప్పు బాధ్యత ఉపాధ్యాయునిది.

ఇక మట్టి కథ. 1928లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక బూజునందు గుర్తించిన పెన్సిలిన్ రెండవ ప్రపంచయుద్ధ కాలమున మందుగ వచ్చెను. 1943లో అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ శాలయందు ఆల్బర్ట్ షాట్జ్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి స్ట్రెప్టోమైసిన్‌ను తీసెను. ఆ రెండు మందులకును లొంగని వ్యాధులు ఇంకను పెక్కు మిగిలెను. వానిని కూడ లొంగదీయు మందు మట్టిలో ఎచటనో ఉండితీరునని సుబ్బారావు నమ్మెను. విశ్వవిద్యాలయము నుండి విశ్రాంతి పొంది, డెబ్బది యేండ్లు దాటిన బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుని 1944లో లెడర్లీ సంస్థ తన పరిశోధనలలోనికి తీసికొనెను. వయస్సు మీరినదని ఇతరులు పక్కకు పెట్టిన మనుష్యుని చేతికి ఆ శాల తన ముఖ్యమైన వెదకులాటను అప్పగించెను.

డగ్గర్ పలు తావుల నుండి మట్టి తెప్పించెను. ఒక్కొక్క మట్టిలోని జీవులను వేరువేరుగ పెంచుట, వాని చుట్టును రోగకారక సూక్ష్మజీవులు చచ్చుచున్నవో లేదో చూచుట, విషమైన వానిని తీసివేయుట, మరల మొదలిడుట; పని ఇంతియే. చెప్పుటకు సులభము, చేయుటకు విసుగు. 1945లో మిస్సోరి విశ్వవిద్యాలయపు వ్యవసాయ క్షేత్రమున గడ్డి పెంచు మడి నుండి వచ్చిన మట్టిలో బంగారు వన్నె గల ఒక స్ట్రెప్టోమైసిస్ జీవి కనబడెను. దాని నుండి వచ్చిన మందు కూడ పసిమి వన్నెదే. బంగారమునకు లాటిన్ భాషలో గల పేరును బట్టి దానిని ఆరియోమైసిన్ అనిరి. టెట్రాసైక్లిన్ అను మందుల కుటుంబమునకు అది పెద్దబిడ్డ. సూదితో పొడువనక్కరలేక నోట మింగదగినది. పెన్సిలిన్‌కు లొంగని పెక్కు రోగములకు పనిచేయునది. పేల వలనను, గోమారుల వలనను వ్యాపించు టైఫస్ వంటి జ్వరములను కూడ అణచునది. 1994లో సూరత్ నగరమున ప్లేగు భయము పుట్టినప్పుడు ప్రజలకు పంచిన మాత్రలు ఆ కుటుంబములోనివే.

ఆరియోమైసిన్‌ను కనుగొన్నవాడు డగ్గర్. ఆ కీర్తి ఆయనదే. డగ్గర్‌ను, రసాయన శాస్త్రజ్ఞులను, జంతువుల మీద పరీక్షించువారిని, వైద్యులను ఒక త్రాటిపై నడిపినవాడు సుబ్బారావు. 1948 జూలైలో న్యూయార్కు నగరమున శాస్త్రజ్ఞుల సభలో ఆ మందును ప్రకటించిరి. కొద్ది వారములకే, ఆగస్టు నెలలో, సుబ్బారావు గుండె ఆగి నిద్రలోనే మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 53 ఏండ్లు. 1946 వరకు భారతీయులకు పౌరసత్వమొసగని ఆ దేశమున ఆయన తుదివరకు పౌరుడు కాకయే ఉండెను. 1953లో లెడర్లీ శాస్త్రజ్ఞులు క్రొత్తగ కనుగొన్న ఒక బూజు జాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టిరి. భారత ప్రభుత్వము 1995లో, శతజయంతి సందర్భమున, ఆయన చిత్రముతో తపాలా బిళ్ల వెలువరించెను.

మహనీయుల చరిత్రలు సాధారణముగ ఇచట ముగియును. ఈ చరిత్రకు ఆయన పోయిన తరువాతి అధ్యాయము ఒకటి కలదు. అదే లెడర్లీ శాలలో స్టాక్‌స్టాడ్, జ్యూక్స్ అను శాస్త్రజ్ఞులు ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూచిరి. అవి ఆశ్చర్యకరముగ త్వరగ బరువెక్కెను. 1950లో ఆ సంగతి లోకమునకు తెలిసెను. అంతట రోగము లేని కోళ్లకును, పందులకును, దూడలకును దాణాలో యాంటీబయాటిక్ మందులు కలుపు వాడుక దేశదేశముల వ్యాపించెను. మరియొక వైపున మనుష్యులు జలుబునకును, చిన్న జ్వరమునకును అక్కరలేకయే ఆ మందులను మింగజొచ్చిరి. మింగినవారు నాలుగు రోజుల మందును రెండు రోజులకే మానజొచ్చిరి.

అందువలన ఏమి జరిగెనో శాస్త్రగ్రంథము చదువని ఆదోని రైతు కూడ చెప్పగలడు. 2002లో మన దేశమున బి.టి. పత్తికి అనుమతి లభించెను. మట్టిలోని ఒక బాక్టీరియా తయారుచేయు విషమును మొక్కయే తయారుచేసికొనునట్లు మార్చిన పత్తి అది. తొలుత కాయతొలుచు పురుగులు అణగెను. మందు చల్లు ఖర్చు తగ్గెను. ఎల్ల చేలలోను అదే పత్తి, ఏటేట అదే విషము. లక్షల పురుగులు చచ్చినను తట్టుకొన్నవి ఏ కొన్నియో మిగిలెను. వాని సంతతియే మరుసటి యేటికి పెరిగెను. కొన్ని యేండ్లకు గులాబీ పురుగు మరల కాయలో కనబడెను. చేని చుట్టును కొన్ని సాళ్లు మామూలు పత్తి వేయుడని చెప్పిన మాటను పాటించినవారు తక్కువ. రోగకారక బాక్టీరియాల కథయు ఇదియే. మందు లోనికి రాగానే తోడివేయు పంపులను కొన్ని బాక్టీరియాలు సంపాదించినవి. ఆ విద్యను పొరుగు బాక్టీరియాలకు కూడ అందించినవి. టెట్రాసైక్లిన్‌లకు లొంగని సూక్ష్మజీవులు 1950ల దశకముననే కనబడెను. 2019వ సంవత్సరమున మందులకు లొంగని బాక్టీరియాల కారణముగనే ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించిరని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి.

ఈ దుఃస్థితిలో పరిశోధకుల చూపు పురుగుల మీదికి పోయెను. పురుగు మురికిలో పుట్టును, కుళ్లులో తిరుగును. మనుష్యుని నెత్తురులో వలె దానికి యాంటీబాడీలు లేవు. అయినను భూమి మీద పేరు పెట్టబడిన పురుగు జాతులు పదిలక్షలకు పైబడి వర్ధిల్లుచున్నవి. వానిని కాపాడునది ఏది? స్వీడన్ దేశీయుడు హాన్స్ బోమన్ సెక్రోపియా అను అమెరికా పట్టుచిలుక ప్యూపాలలోనికి బాక్టీరియాలను ఎక్కించి చూచెను. ప్యూపా చావలేదు, దాని నెత్తురే బాక్టీరియాలను చంపు శక్తిని సంతరించుకొనెను. ఆ శక్తికి మూలమైన పదార్థములను ఆయన బృందము 1981లో సెక్రోపిన్‌లను పేరున ప్రకటించెను. అవి పెప్టైడులు, అనగా అమైనో ఆమ్లములను పూసల వలె గ్రుచ్చిన చిన్న గొలుసులు. వానిలో ఒకదానియందు గల పూసలు 37 మాత్రమే. ధనవిద్యుత్తు గల ఆ గొలుసులు ఋణవిద్యుత్తు గల బాక్టీరియా పొరకు అంటుకొని దానికి తూట్లు పొడుచును. ఓటుపడిన కుండ వలె బాక్టీరియా నశించును. తేనెటీగలోను, ఈగలోను, పత్తికాయను తొలుచు పురుగులోను కూడ ఇట్టి రక్షణ పెప్టైడులు కలవు. పురుగుల రక్షణ మేల్కొను విధమును ఈగలలో కనుగొన్న ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు జూల్స్ హాఫ్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమతి లభించెను.

తెలుగునాట కూడ ఈ కృషి లేకపోలేదు. తెలంగాణమున గోదావరి దాపు అడవులలో మద్దిచెట్ల మీద పెంచు దసలిపట్టు పురుగు సెక్రోపియాకు దాయాది. దానికి బాక్టీరియాను ఎక్కించినప్పుడు ఏ రక్షణ జన్యువులు మేల్కొనునో హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. శాస్త్రజ్ఞులు పరిశీలించి 2006లో ప్రకటించిరి. పెప్టైడులు పొరను ఛేదించు విధము మీద అదే నగరమునందలి సి.సి.ఎం.బి.లో ఏండ్ల తరబడి పరిశోధనలు జరిగినవి.

కాని పురుగు నుండి పుట్టిన పెప్టైడు ఏదియు ఇంకను మందుల దుకాణములోనికి సాధారణ ఔషధముగ రాలేదు. మింగినచో అన్నము వలె జీర్ణమైపోవును. నెత్తురులోనికి ఎక్కించినచో త్వరగ ముక్కలగును. కొన్ని మనుష్యుని కణములకు కూడ హాని చేయును. తయారీకి వ్యయము ఎక్కువ. వానిని కూడ విచ్చలవిడిగ వాడినచో బాక్టీరియాలు తట్టుకొనుట నేర్వవను భరోసా లేదు. ఇందుకు నిదర్శనము కొలిస్టిన్. అది పురుగు మందు కాదు, మట్టిలోని బాక్టీరియా నుండి వచ్చిన పెప్టైడు మందు. ఇతర మందులు విఫలమైనప్పుడు వైద్యుడు ఆశ్రయించు కడపటి ఆయుధము. దానిని కోళ్ల దాణాలో వాడుచుండిరి. తుదకు ఆహారమునకై పెంచు జంతువులకు దానిని వాడరాదని 2019లో భారత ప్రభుత్వము నిషేధించెను.

ఈ చిక్కులను విప్పు మార్గము సుబ్బారావు నడచిన మార్గమే. ప్రకృతిలోని పదార్థమును మొదట పట్టుకొనుట, దాని నిర్మాణమును తెలిసికొనుట, సీసాలో తయారుచేయుట, పిమ్మట మనుష్యునకు మేలగునట్లు మార్చుట. కాలేయము నుండి ఫోలిక్ ఆమ్లము, దాని నుండి మెథోట్రెక్సేట్ వచ్చినది ఆ త్రోవననే. నేడు పురుగు పెప్టైడుల పూసలను మార్చి, గట్టిదనము పెంచి, విషగుణము తగ్గింప చూచుచున్న పరిశోధకులు అదే త్రోవన పోవుచున్నారు. ఆ త్రోవలో తొందర పనికిరాదు. సోదరుల మరణమునకును ఫోలిక్ ఆమ్లమునకును మధ్య గడచిన యేండ్లే అందుకు సాక్ష్యము.

మందును కనుగొనుట కొందరి పని; దానిని కాపాడుకొనుట అందరి పని. వైద్యుడు చెప్పనిదే యాంటీబయాటిక్ మింగకుండుట, చెప్పినన్ని రోజులు మానకుండ మింగుట, రోగము లేని పశువులకును కోళ్లకును దానిని పెట్టకుండుట, ఇవి పరిశోధనాలయము లేని పల్లెటూర కూడ చేయదగిన పనులు. సుబ్బారావు ఋణమును తెలుగువారు తీర్చుకొనదగిన విధము తపాలా బిళ్లకన్న ఇదియే ఎక్కువ.

ఎమ్మిగనూరు చేలలో రైతు విరిచి పారవేసిన పుచ్చుకాయలో గులాబీ పురుగు కదలుచుండును. దానిని తిట్టుట రైతు హక్కు. బడిలో ఉపాధ్యాయుడు ఆ కాయనే పిల్లలకు చూపి, కాయను తొలుచు ఆ పురుగులో బాక్టీరియాను తొలుచు గొలుసు ఒకటి కలదనియు, అది పెరిగిన ఆ నల్లమట్టిలో మందులు చేయు జీవులు కాపురమున్నవనియు, అట్టి మట్టిలో ఒకనాడు ఒక తెలుగువాని శాల ప్రాణదానము చేయు మందును వెదకి తీసెననియు చెప్పవచ్చును. మూడవమారు మెట్రిక్ నెగ్గిన బాలుని కథ అది. వినువారిలో మరియొక సుబ్బారావు ఉండవచ్చును.